పాత కారుకు బీమా ఎంత? వర్తకులు వేసుకోవలసిన లెక్క

గోదాములో వున్న సరుకుకు కొన్న ధర మీద కాక నేటి ధారణ మీద బీమా కట్టడం వర్తకులకు అలవాటే. కాని ఇంటి ముందు నిలిపిన పాత కారు దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఈ లెక్క వేయరు. ఏజెంటు పంపిన రెన్యువల్ నోటీసులో ఎంత వుంటే అంతకు చెక్కు రాసి ఇచ్చేవారు కొందరు. పాత బండికి ఇంత దండగ ఎందుకని, పోలీసులు ఆపితే చూపడానికి ఒక కాగితం వుంటే చాలని సరిపెట్టుకునేవారు మరికొందరు. మొదటివారు ఏటా కొన్ని వేలు ఎక్కువ కడుతూ వుండవచ్చు. రెండవవారు తమకు తెలియకుండానే కారు ఖరీదుకు ఎన్నో రెట్ల భారాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతూ వుండవచ్చు. ఈ రెండింటి మధ్య నిర్ణయం ఎలా చేయాలో పరిశీలించవలసి వుంది.

రెండు పద్దులు

కారు పాలసీ ఒకే కాగితంగా కనిపించినా అందులో రెండు వేర్వేరు పద్దులు వున్నాయి. మన కారు వల్ల ఎదుటివారికి కలిగే ప్రాణ నష్టం, గాయాలు, ఆస్తి నష్టం మొదటి పద్దు. దీనినే థర్డ్ పార్టీ అంటారు. మన కారుకే కలిగే నష్టం రెండవ పద్దు. ప్రమాదం, అగ్ని, చోరీ, వరద, తుపాను వంటివి ఇందులోకి వస్తాయి. రెండూ కలిసినదాన్ని వ్యవహారంలో కాంప్రహెన్సివ్ లేదా ప్యాకేజీ పాలసీ అంటున్నారు. 2019 సెప్టెంబరు 1 నుంచి సొంత నష్టం పాలసీని విడిగా కొనే వీలు కూడా వచ్చింది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం మొదటి పద్దు తప్పనిసరి. అది లేకుండా బండి రోడ్డెక్కితే 2019 సవరణ మేరకు మొదటిసారి రు. 2,000, తర్వాత రు. 4,000 జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. రెండవ పద్దు మాత్రం యజమాని ఇష్టం. అందువల్ల "పాత కారుకు ఎంత బీమా" అన్న ప్రశ్న నిజానికి రెండవ పద్దుకు సంబంధించినదే. అయినా మొదటి పద్దు బరువు ఎంతో తెలియనిదే రెండవదాని గురించి నిర్ణయించుకోవడం సరికాదు.

ఎదుటివారి పద్దులో బరువు

కారు పాతబడినకొద్దీ దాని ఖరీదు తగ్గుతుంది గాని, దానివల్ల ఎదుటివారికి జరగగల నష్టం ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం లెక్క తేలినట్లే.

ఉదాహరణకు నెలకు రు. 20,000 సంపాదించే 35 ఏళ్ల వ్యక్తి ప్రమాదంలో మరణించాడనుకుందాం. అతని మీద నలుగురు ఆధారపడి వున్నారు. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పులలో ఖరారు చేసిన పద్ధతి ప్రకారం, స్థిర జీతం లేదా సొంత వృత్తి మీద బతికే 40 ఏళ్ల లోపు వారికి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అప్పుడు నెలకు రు. 28,000, ఏడాదికి రు. 3,36,000 అవుతుంది. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేస్తే మిగిలేది రు. 2,52,000. ఆ వయస్సుకు నిర్ణయించిన గుణకం 16. అంటే నష్టపరిహారం రు. 40,32,000. అంత్యక్రియలు వగైరా పద్దులు, వడ్డీ ఇందుకు అదనం.

లక్షన్నర ఖరీదు చేసే కారు నలభై లక్షల బాధ్యత తెచ్చిపెట్టగలదన్న మాట. మరణం, గాయాల విషయంలో థర్డ్ పార్టీ పాలసీకి మొత్తం మీద పరిమితి లేదు. ట్రిబ్యునల్ ఎంత తీర్పు చెబితే అంత కంపెనీ భరించవలసిందే. 2022 జూన్ 1 నుంచి అమలుకు వచ్చిన పట్టిక ప్రకారం దీని ప్రీమియం 1,000 సి.సి. వరకు రు. 2,094, 1,500 సి.సి. వరకు రు. 3,416, ఆ పైన రు. 7,897. దీని మీద 18 శాతం జి.ఎస్.టి. అదనం. రెన్యువల్ నాటికి పట్టిక మారిందేమో చూసుకోవాలి. రేటు ఎంత వున్నా ఈ పద్దులో పొదుపు చేయడానికి ఏమీ లేదు.

ఎదుటివారి ఆస్తి నష్టానికి మాత్రం ప్రైవేటు కార్లకు రు. 7,50,000 పరిమితి వుంది. కొద్దిపాటి రాయితీ కోసం దీనిని రు. 6,000 కు కుదించుకునే పద్ధతి టారిఫ్‌లో వుండేది. ఈనాడు ఒక కొత్త కారు హెడ్‌లైటు ఖరీదుకైనా ఆరు వేలు చాలవు. పాలసీ మీద ఈ అంకె ఎంత వుందో ఒకసారి చదివి చూసుకోవడం మంచిది.

కారు నడిపే వ్యక్తి లైసెన్సు గడువు కూడా చూడాలి. లైసెన్సు చెల్లని సందర్భాలలో బాధితులకు ముందు కంపెనీ చెల్లించినా, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవచ్చునని కోర్టులు ఆదేశిస్తున్నాయి. గుమాస్తా చేతికి తాళాలు ఇచ్చే వర్తకులు దీనిని గమనించాలి.

విలువ కట్టే తీరు

ఇక మన కారు పద్దు. పాలసీలో ఐ.డి.వి. అని వుండే అంకె కారుకు బీమా చేసిన విలువ. కారు పోయినా, పూర్తిగా పాడైనా కంపెనీ దీనిని ఆధారం చేసుకునే చెల్లిస్తుంది. తయారీదారు నేటి అమ్మకం ధర నుంచి తరుగు తీసి దీనిని కడతారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తరుగు. అయిదేళ్లు దాటిన కారుకు పట్టిక లేదు. కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్నదే విలువ.

ఇక్కడ బేరానికి చోటు వుంది. నోటీసులో వేసిన అంకెను అలాగే ఒప్పుకోనక్కరలేదు. అదే మోడలు, అదే ఏడాది కారు మీ ఊరి పాత కార్ల వ్యాపారుల దగ్గర ఎంత పలుకుతున్నదో ఇద్దరు ముగ్గురిని అడిగి, ఆ ధరకు దగ్గరగా విలువ వేయించుకోవడం న్యాయం. ఖాతా పుస్తకంలో వున్న విలువ ఇందుకు పనికిరాదు. ఆదాయపు పన్ను లెక్కలో ఏటా 15 శాతం తరుగు రాసుకున్నంత మాత్రాన బజారు ధర అదే అవుతుందని లేదు.

గోదాము అగ్ని బీమాకు, కారు బీమాకు ఒక ముఖ్యమైన తేడా వుంది. పది లక్షల సరుకుకు అయిదు లక్షల బీమా చేస్తే, రెండు లక్షల నష్టానికి కూడా సగమే ఇచ్చే యావరేజి నిబంధన అగ్ని బీమాలో వుంటుంది. కారు పాలసీలో పాక్షిక నష్టాలకు ఆ నిబంధన లేదు. అందువల్ల విలువ కొంత తక్కువ వేయించుకున్నా చిన్న మరమ్మతుల క్లెయిము ఆ దామాషాలో తగ్గదు. అలాగని మరీ తగ్గించడం కూడా ప్రమాదమే. మరమ్మతు ఖర్చు ఐ.డి.వి. లో 75 శాతం దాటితే కారు పూర్తిగా పోయినట్లు లెక్కగట్టి, ఆ విలువ ఇచ్చి చేతులు దులుపుకుంటారు. లక్షన్నర కారుకు ఎనభై వేల విలువ వేయించుకుంటే, అరవై వేలు దాటిన మరమ్మతుకే కారు పోయిన లెక్కలోకి వస్తుంది.

ప్రీమియం లెక్క

సొంత నష్టం రేట్లు 2007 జనవరి 1 నుంచి కంపెనీల ఇష్టానికి వదిలివేశారు. అయినా వెనకటి టారిఫ్ రేటు ఒక కొలబద్దగా పనికివస్తుంది. హైదరాబాదు వంటి ఎనిమిది నగరాలు తప్ప మిగిలిన ప్రాంతాలలో, పదేళ్లు దాటిన 1,500 సి.సి. లోపు కారుకు ఆ రేటు 3.430 శాతం.

పన్నెండేళ్ల నాటి 1,200 సి.సి. కారును గుంటూరులో నడుపుతున్నారనుకుందాం. విలువ రు. 1,50,000. ఆ రేటున ప్రీమియం రు. 5,145 అవుతుంది. వరుసగా అయిదేళ్లు క్లెయిము చేయనివారికి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం. అది పోగా రు. 2,572, జి.ఎస్.టి. తో సుమారు రు. 3,036. బోనస్ ఏమీ లేనివారికి జి.ఎస్.టి. తో రు. 6,071. కంపెనీల పోటీ రాయితీలు ఇంకా దీనిని తగ్గించవచ్చు. ప్రైవేటు కారు బీమా మీద కట్టిన జి.ఎస్.టి. కి సాధారణ వర్తకునికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు గనుక పన్నును కూడా ఖర్చులోనే వేసుకోవాలి.

అంటే ఒకే కారు, ఒకే విలువ అయినా బోనస్ వున్నవారికి నూటికి రెండు రూపాయల ఖర్చు, లేనివారికి నాలుగు రూపాయల ఖర్చు. పాలసీ వుంచుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు ఇద్దరి జవాబూ ఒకటి కానక్కరలేదు.

చేతికి అందేది ఎంత

ఇదే కారు ముందు భాగం దెబ్బతిని గ్యారేజీ బిల్లు రు. 40,000 అయిందనుకుందాం. అంతా కంపెనీ ఇవ్వదు. బిల్లులో ప్లాస్టిక్ బంపరు, లైట్లు రు. 12,000. వీటికి 50 శాతం తరుగు, అంటే రు. 6,000 కోత. బానెట్, ఫెండరు వంటి ఇనుప భాగాలు రు. 14,000. అయిదు నుంచి పదేళ్ల కార్లకు వీటి మీద 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం తరుగు గనుక రు. 7,000 కోత. అద్దం రు. 4,000, దీనికి తరుగు లేదు. కూలి రు. 6,000, దీనికీ కోత లేదు. రంగు రు. 4,000. ఇందులో నాలుగో వంతును సామాను ఖర్చుగా తీసుకుని దానిలో సగం, అంటే రు. 500 కోస్తారు. వెరసి కోత రు. 13,500. యజమాని తప్పనిసరిగా భరించవలసిన రు. 1,000 కూడా తీసివేస్తే కంపెనీ ఇచ్చేది రు. 25,500. మిగిలిన రు. 14,500 యజమాని జేబు నుంచే.

తరుగు కోత లేకుండా ఇచ్చే అదనపు పాలసీలు కొత్త కార్లకు విరివిగా దొరుకుతున్నా, పాత కార్లకు అవి సాధారణంగా దొరకవు. అందువల్ల పదేళ్లు దాటిన కారుకు మరమ్మతు బిల్లులో మూడింట రెండు వంతుల వరకు వస్తుందని అంచనా వేసుకుంటే తర్వాత నిరాశ వుండదు.

చిన్న క్లెయిము గిట్టదు

క్లెయిము చేస్తే వచ్చే ఏడాది బోనస్ పూర్తిగా పోతుంది. ఆ తర్వాత 20, 25, 35, 45 మెట్లెక్కి మళ్లీ 50 శాతానికి చేరాలి. 50 శాతం బోనస్ వున్నవారు క్లెయిము చేస్తే, తర్వాతి అయిదు రెన్యువళ్లలో కోల్పోయేది వరుసగా 50, 30, 25, 15, 5 శాతం. మొత్తం ఏడాది ప్రీమియంలో 125 శాతం. పై కారుకు అది రు. 6,431, జి.ఎస్.టి. తో సుమారు రు. 7,589. విలువ ఏటా తగ్గుతుంది గనుక అసలు నష్టం కొంత తక్కువే వుండవచ్చు. అయినా ఆరేడు వేల లోపు క్లెయిము చేయడం లాభసాటి కాదని దీనివల్ల తేలుతుంది.

చిన్న క్లెయిములు ఎలాగూ చేయరు గనుక, స్వచ్ఛందంగా మరికొంత నష్టం భరిస్తామని రాసి ఇచ్చి ప్రీమియం తగ్గించుకోవచ్చు. టారిఫ్ ప్రకారం రు. 2,500 భరిస్తే 20 శాతం రాయితీ, కాని రు. 750 కి మించదు. రు. 5,000 భరిస్తే 25 శాతం, రు. 1,500 కి మించదు. పాత కారుకు ఈ ఏర్పాటు సబబుగా వుంటుంది.

ఇంకొక మాట. పాలసీ గడువు తీరిన 90 రోజుల లోపు రెన్యూ చేయకపోతే బోనస్ పోతుంది. ఈ ఏడాది వదిలి, వచ్చే ఏడాది మళ్లీ తీసుకుందామనుకుంటే కారును తనిఖీకి పెట్టి, బోనస్ లేకుండా మొదటి నుంచి మొదలుపెట్టాలి. వదిలేది ఒక్క ఏడాదికేనన్న భావనతో వదలరాదు.

వరద, అగ్ని, చోరీ

తాను జాగ్రత్తగా నడుపుతాడు గనుక సొంత నష్టం బీమా అక్కరలేదనేవారు ఒక విషయం మరచిపోతున్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు గాని, 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగినప్పుడు గాని, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు గాని దెబ్బతిన్న బండ్లలో ఎన్నో ఇంటి ముందు నిలిపి వుంచినవే. వాటిలో థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే వున్న కార్లకు ఒక్క రూపాయి రాదు.

పూర్తి పాలసీ వున్నా నీట మునిగిన కారును స్టార్టు చేయరాదు. ఇంజనులోకి నీరు లాగి పాడైతే అది వరద నష్టం కాదు, తర్వాత చేసిన పని వల్ల వచ్చిన నష్టమని కంపెనీలు తిరస్కరిస్తున్నాయి. కారును అలాగే వుంచి, కంపెనీకి తెలిపి, లాగించుకుపోవాలి.

థర్డ్ పార్టీతో పాటు అగ్ని, చోరీలకు మాత్రమే పరిమితమైన పాలసీకి పాత టారిఫ్‌లో వీలుండేది. మీ కంపెనీ అటువంటిది ఇస్తుందేమో అడిగి చూడవచ్చు. అయితే అందులో వరద రాదని గుర్తుంచుకోవాలి.

కారులో కూర్చున్నవారు

పూర్తి పాలసీని వదిలేటప్పుడు చాలామంది చూడని చిక్కు ఇది. కారులో ఉచితంగా ప్రయాణించే బంధువులు, స్నేహితులు, భాగస్వాములు చట్టం దృష్టిలో థర్డ్ పార్టీ కిందకు రారు. కనీస పాలసీలో వారి పట్ల బాధ్యత చేరదని, ప్యాకేజీ పాలసీలో చేరుతుందని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరు ఆదేశాలు కూడా ప్యాకేజీ పాలసీ విషయంలో ఇదే చెబుతున్నాయి.

కనుక కారు పాతదని ప్యాకేజీ వదిలినవారు, కారు విలువతో పాటు వెనుక సీటులో కూర్చున్నవారి రక్షణను కూడా వదులుకుంటున్నారు. వారికి ఏదైనా జరిగితే పరిహారం యజమాని ఆస్తి మీదనే పడుతుంది. పైన చూపిన నలభై లక్షల లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది. ప్రయాణికులకు విడిగా ప్రమాద బీమా తీసుకోవచ్చు గాని, దాని పరిమితి ప్రైవేటు కారుకు తలకు రెండు లక్షలే. కుటుంబంతోనూ, తోటి వ్యాపారులతోనూ ఊళ్లు తిరిగే కారుకు, అది ఎంత పాతదైనా, మూడు నాలుగు వేల తేడా కోసం ప్యాకేజీ వదలడం దూరదృష్టి అనిపించుకోదు.

సంస్థ పేరు, సరుకు రవాణా

యజమాని తానే నడిపేటప్పుడు వర్తించే రు. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, కారు కంపెనీ లేదా భాగస్వామ్య సంస్థ పేరు మీద వుంటే రాదు. అటువంటివారు నడిపే భాగస్వామికి విడిగా ప్రమాద బీమా చూసుకోవాలి. జీతానికి డ్రైవరు వుంటే అతని పట్ల బాధ్యతకు కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించాలి.

ప్రైవేటు కారు పాలసీ సరుకు రవాణాకు వర్తించదు. శాంపిళ్లు, సొంత సామాను వరకు మినహాయింపు వుంది. మిర్చి యార్డుకు శాంపిలు సంచి తీసుకుపోతే అభ్యంతరం లేదు. వెనుక సీటు మడిచి నాలుగు బస్తాలు వేసుకుపోయిన రోజున ప్రమాదం జరిగితే క్లెయిము చిక్కులో పడుతుంది. పాత కార్లనే ఇటువంటి పనులకు వాడడం సాధారణం గనుక దీనిని ప్రత్యేకంగా చెప్పవలసి వస్తున్నది.

పాత కారు కొన్నవారు 14 రోజుల లోపు పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. అమ్మిన వ్యక్తి బోనస్ కారుతో రాదు, అది అతని సొంతం. కారుకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషను పునరుద్ధరణ అయిందీ లేనిదీ చూసుకోవాలి.

ఎవరికి ఏది

పై లెక్కల సారాంశం ఇది. థర్డ్ పార్టీ, పూర్తి ఆస్తి నష్టం పరిమితితో సహా, అందరికీ తప్పనిసరి. కారు ఖరీదు లక్ష దాటి, బోనస్ నిలబడి వుండి, కుటుంబం లేదా భాగస్వాములు అందులో ప్రయాణిస్తూ వుంటే ప్యాకేజీ వుంచుకోవడమే మేలు. విలువను బజారు ధరకు తగ్గించి, స్వచ్ఛంద భారం ఎక్కువ పెట్టి, చిన్న క్లెయిములు మానుకుంటే ఖర్చు అదుపులో వుంటుంది. పల్లపు ప్రాంతాలలో వుండేవారికి ఇది మరీ అవసరం.

కారు ఖరీదు అరవై, డెబ్బయి వేలకు దిగి, యజమాని ఒక్కడే ఊళ్లో కొద్ది దూరం నడుపుతూ, బోనస్ కూడా లేనప్పుడు సొంత నష్టం పద్దు వదిలివేయవచ్చు. అప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఆ కారు రేపు పూర్తిగా పోతే, సీజనులో సరుకు కొనుగోలుకు వుంచిన పెట్టుబడిని ముట్టుకోకుండా మరొకటి కొనగలమా? కొనగలిగితే ఆ ప్రీమియం మిగిలినట్లే. కొనలేనివారికి కారు ఎంత పాతదైనా బీమా దండగ కాదు.